రెండు నెలలకే దగ్గు తగ్గింది, ఇంకా మందులెందుకు?

ప్రశ్న: మా తమ్ముడికి టీబీ. రెండు నెలలకే దగ్గు పోయింది, కాస్త ఒళ్లు కూడా చేశాడు. 6 నెలలూ మింగాల్సిందేనా అని రోజూ గొడవ. ఆ క్రిములు లోపల అన్నాళ్లు ఎలా బతుకుతాయండీ?
– ఒక సోదరి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మింగాల్సిందేనమ్మా, బేరాలాడటానికి ఇదేం పూర్ణా మార్కెట్ కాదు. మన తెల్లరక్తకణాలు టీబీ క్రిమిని మింగి, దాని మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి వదులుతాయి. దెబ్బ మీద ఆ మందు పోస్తే తెల్లగా నురగ పొంగుతుంది చూశారా, మన రక్తంలోని కెటలేజ్ అనే ఎంజైమ్ దాన్ని నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడగొట్టడం వల్ల వచ్చేదే అది. అలాంటి పని చేసే ఎంజైమే క్రిమి దగ్గరా ఉంది, పేరు క్యాట్‌జీ. చక్కెర దొరక్కపోతే ఆ క్రిమి మన కణాల్లోని కొవ్వు తిని బతుకుతుంది, అందుకు ఐసోసిట్రేట్ లయేజ్ అని ఇంకో ఎంజైమ్.

తమాషా ఏంటంటే, మీ తమ్ముడు మింగే ఐసోనియాజిడ్ అనే టీబీ బిళ్లని పనిచేసేలా మార్చేదీ ఆ క్యాట్‌జీయే. తన చెయ్యే తన కంట్లో పొడిచినట్టు! క్యాట్‌జీ చెడిపోయిన క్రిములకి ఆ బిళ్ల ఎక్కదు, అందుకే మొదటి 2 నెలలు 4 మందులు కలిపి ఇస్తారు. పెరక్కుండా ముడుచుకుని కూర్చున్నవాటికి మిగతా 4 నెలలు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా మాత్రం వెంటనే డాక్టర్‌గారికి చూపించండి.