లెయె వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి బంగారుతల్లికి మామయ్య ఆశీస్సులు.

దక్షిణ చైనాలో, గ్వాంగ్‌షీ వాయవ్య మూలన ఉన్న లెయె కౌంటీకి గుహల పరిశోధనకు వెళ్తున్నావని అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంట్లో ఇంకొకరికి రాళ్ల పిచ్చి పట్టిందని పొంగిపోయాను. జూన్‌లో అని, అంటే అక్కడి వానల రోజుల్లో అని, తెలిశాక నిద్ర పట్టలేదు.

చిన్న సంగతులు ముందు. నాన్నింగ్ నుంచి బైసె దాకా రైలు, ఆపైన కొండదారి. కడుపు నిండా తిని బస్సెక్కకు. అనుమతి లేకుండా విదేశీయులు అక్కడ సర్వే చేయకూడదు. జీపీఎస్ బయటకు తీసే ముందే కాగితాలు సిద్ధం చేసుకో.

ఇక నీళ్ల సంగతి. లెయెలో గుహలున్న చోటంతా సున్నపురాయి కొండలే, మధ్య గుంటల్లో మొక్కజొన్న. వానకు కొదవ లేదు, అయినా పైన నీళ్లు నిలవవు. పడ్డ చినుకు పగుళ్లలోంచి జారి కిందనున్న బైలాంగ్ నదిలో కలుస్తుంది. ఆ భూగర్భ ప్రవాహమే రాయిని తొలుచుకుంటూ పోతే పైకప్పు కూలి దాషీవెయ్ లాంటి బిలాలు ఏర్పడ్డాయి. లోతు 613 మీటర్లు, అడుగున అడవి! దాని అంచున నీ కాళ్లు వణకకపోతేనే నాకు భయం.

గ్వాంగ్‌షీలోనే ఒక గుహలో జరిగింది విను. మబ్బు తునక లేదని, ఎండిన వాగు పక్కన ఇసుక మెత్తగా ఉందని మా బృందం పెద్దాయన అక్కడే సామాను దించమన్నాడు. దారి చూపుతున్న, అక్కడి జువాంగ్ తెగకు చెందిన రైతు గోడ వంక వేలు చూపించాడు. మనిషి ఎత్తుకు పైన, రాతి సందులో మొక్కజొన్న కాడలు ఇరుక్కుని ఉన్నాయి. కాడలు గుహలోకి నడిచి రావు కదా! పెద్దాయన నవ్వి కొట్టిపారేశాడు. మాకు కనపడని కొండల మీద ఎప్పుడో వాన పడింది. రాత్రి ముందు లోపలి నుంచి చల్లగాలి తోసుకొచ్చింది, తర్వాత హోరు. మేము పైగట్టు ఎక్కేసరికి సామాను, రెండేళ్ల నోటు పుస్తకాలు నీళ్లపాలయ్యాయి. చివరి మనిషిని రైతే చేయి పట్టి లాగాడు. పెద్దాయన ఆయనకు ఒక్క మాటైనా చెప్పి ఉండడు.

కాబట్టి గోడ మీద చెత్త ఎంత ఎత్తున ఇరుక్కుందో చూడనిదే ఎక్కడా కూర్చోకు. ఎగువన వాన పడిందా అని ఊళ్లవాళ్లను రోజూ అడుగు. అన్నిటికన్నా మంచిది, ప్రయాణం చలికాలానికి మార్చుకో.

చిన్నప్పుడు బెలూం గుహల్లో నా చేయి విడిపించుకుని చీకట్లోకి పరుగెత్తావు. నేను అరుస్తుంటే, “మామయ్యా, ఇక్కడ నీళ్ల చప్పుడు!” అన్నావు. ఆ చెవులను ఇప్పుడూ నమ్ముకో.

టికెట్టు మార్చడానికి డబ్బు అడ్డమైతే నేను పంపిస్తాను, అమ్మకు చెప్పకు. తిట్టానని ఫోను ఎత్తకుండా ఉండకు.

మామయ్య