ఆర్‌లో ఐచ్ఛిక ఆర్గ్యుమెంట్ ఇవ్వకపోతే "లెంగ్త్ జీరో" ఎర్రర్

ఆర్ ప్రోగ్రామింగ్ భాషలో మీరు రాసుకున్న సగటు ఫంక్షన్ గురించి అడిగారు. తేడా అందులోని ఇఫ్ లైన్‌లోనే ఉంది. వెయిట్స్ (ఒక్కో విలువకి ఎంత ప్రాధాన్యమో చెప్పే అంకెలు) ఇవ్వకుండా ఆ ఫంక్షన్‌ని పిలిస్తే "ఆర్గ్యుమెంట్ ఈజ్ ఆఫ్ లెంగ్త్ జీరో" వస్తోందన్నారు. ఆ ఇఫ్ లైన్‌లో "వెయిట్స్ == నల్" అని రాశారు. నల్ అంటే విలువ ఏమీ లేదని. ఆర్‌లో నల్‌తో ఏది పోల్చినా ట్రూ రాదు, ఫాల్స్ కూడా రాదు. పొడవు 0 ఉన్న లాజికల్ వెక్టర్, అంటే ఖాళీ ట్రూ/ఫాల్స్ వరుస, వస్తుంది. ఇఫ్ దాన్ని తీసుకోదు.

1. ఫంక్షన్ మొదటి లైన్‌లో "వెయిట్స్ = నల్" అలాగే ఉంచండి.

2. ఇఫ్‌లో "ఈజ్.నల్(వెయిట్స్)" అని మార్చండి.

3. ఆ బ్లాక్‌లోనే వెయిట్స్‌కి "రెప్(1, లెంగ్త్(ఎక్స్))" అసైన్ చేయండి, అంటే మీ డేటా ఎక్స్‌లో ఎన్ని విలువలుంటే అన్ని 1లు. ఎక్కువమంది వదిలేసేది ఇదే. చెక్ పెడతారు, మెసేజ్ ప్రింట్ చేస్తారు, విలువ మాత్రం నింపరు. అప్పుడు కింద "సమ్(ఎక్స్ * వెయిట్స్) / సమ్(వెయిట్స్)" లెక్క 0/0 అయిపోయి, ఎర్రర్ ఏమీ లేకుండానే ఎన్ఏఎన్ ("సంఖ్య కాదు" అనే ఫలితం) ఇస్తుంది. ఎర్రర్ కన్నా ఇది ప్రమాదం, ఎందుకంటే ఎక్కడ తప్పిందో కనబడదు.

ఈజ్.నల్ బదులు, పిలిచేటప్పుడు ఆర్గ్యుమెంట్ ఇవ్వలేదా అని చూసే మిస్సింగ్() వాడమని కొందరు చెప్తారు. ఇక్కడ వద్దనే నా మాట. ఎవరైనా కావాలనే "వెయిట్స్ = నల్" అని పంపితే మిస్సింగ్() ఫాల్స్ అంటుంది, వెయిట్స్ నిండవు, మళ్లీ అదే ఎన్ఏఎన్.