మొదటి బిల్లును కాదు, ఆ తర్వాతి నెలలను లెక్కవేయండి

ప్రశ్న: మాది విజయవాడ. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, మావారు అకౌంటెంటు. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 78,000 రూపాయలు వస్తాయి. ఇంటి రుణం ఈఎంఐ 19,500. అత్తయ్యగారి మందులతో కలిపి ఇంటి ఖర్చు 38,000. పిల్లల చదువులకు సగటున 9,000 అవుతుంది. పాప ఇంజినీరింగ్ కోసం నెలకు 6,000 ఆర్‌డీ కడుతున్నాం. బ్యాంకులో 2,10,000 ఎఫ్‌డీ ఉంది. అత్తయ్యగారికి 72 ఏళ్లు, ఆరోగ్య బీమా లేదు. మా లాబ్రడార్ బబ్లూకి పదేళ్లు. రెండు వారాలుగా వాంతులు, తిండి మానేశాడు. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటకు పంపవలసిన వ్యర్థం) 4.6 వచ్చింది, కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు. ఇప్పటికి 23,000 అయింది. ఐదు రోజులు ఆసుపత్రిలో ఉంచి సెలైన్ ఎక్కించాలట, రోజుకు 8,000. తర్వాత మందులు, ప్రత్యేక ఆహారం నెలకు 9,000. అవసరమైతే చెన్నైలో డయాలసిస్ అంటున్నారు. నా గొలుసు తాకట్టు పెడదామనుకుంటున్నాను. మావారు 'కుక్క కోసం బంగారం తాకట్టు పెడతామా' అంటున్నారు. ఆరో తరగతి చదివే బాబు సరిగా అన్నం తినడం లేదు. ఎంతవరకు ఖర్చు పెట్టడం సబబు?

జవాబు: ఇది అచ్చులో వచ్చేదాకా బబ్లూ ఆగలేడు కాబట్టి నా సమాధానం మీకు ముందే పంపాను. ఇదే ప్రశ్న వేరే మాటల్లో ఇంకా చాలామంది అడుగుతున్నారు, అందుకే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. మీరు అడిగింది చిన్న ప్రశ్న అనుకోవద్దు. పదేళ్లు ఇంట్లో తిరిగిన ప్రాణి అది. మీ బాబుకు ఊహ తెలిసినప్పటి నుంచి గుమ్మం దగ్గర ఎదురుచూసింది బబ్లూయే. ఖర్చు పెట్టాలనుకోవడంలో తప్పేమీ లేదు. మీవారి మాటలోనూ తప్పు లేదు. బీమా లేని తల్లిని, ఇంకా చాలా ఏళ్లు కట్టవలసిన ఇంటి రుణాన్ని ఆయన ఒక్క చూపులో చూస్తున్నారు. మీరు బబ్లూ కళ్లను చూస్తున్నారు. రెండూ ఒకే కాగితం మీదకు రావాలి.

ఆ కాగితం మీద లెక్క ఇది. మీ ఆదాయంలోంచి ఈఎంఐ, ఇంటి ఖర్చు, చదువులు, ఆర్‌డీ తీసేస్తే నెలకు 5,500 మిగులుతుంది. ఎఫ్‌డీ మొత్తం బబ్లూ కోసం వాడుకోదగ్గ సొమ్ము కాదు. ఇంటి ఖర్చు, ఈఎంఐ కలిపి నెలకు 57,500. ఇద్దరిలో ఒకరి ఉద్యోగం పోయినా, అత్తయ్యగారు ఆసుపత్రిలో చేరినా, కనీసం మూడు నెలలు నిలబడాలంటే 1,72,500 కదపకూడదు. అది తీసేస్తే మిగిలేది 37,500. అంటే ఈ రోజు మీ చేతిలో బబ్లూ కోసం ఉన్నది ఒకసారికి 37,500, ఆపైన నెలకు 5,500. ప్రేమ ఎంత ఉందో ఈ అంకెలు చెప్పవు. మరొకరి అవసరాన్ని తాకకుండా ఎంత ఇవ్వగలరో చెబుతాయి, అంతే.

ఇప్పుడు గొలుసు సంగతి. మీరిద్దరూ వాదించుకుంటున్నది ఐదు రోజుల 40,000 గురించి. నన్ను భయపెట్టింది ఆ అంకె కాదు, దాని వెనక వచ్చే 9,000. మీ మిగులు 5,500, మందుల ఖర్చు 9,000. ప్రతి నెలా 3,500 లోటు. బబ్లూ కోలుకుని ఏడాది బతికితే ఆ లోటే 42,000 అవుతుంది. అంటే వైద్యం ఫలించినకొద్దీ మీకు డబ్బు ఇబ్బంది పెరుగుతుంది. ఇక గొలుసు విడిపించడానికి రూపాయి మిగలదు, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. జబ్బుపడిన పెంపుడు జంతువుల విషయంలో కుటుంబాలు అప్పుల్లో పడేది ఇక్కడే. మొదటి బిల్లు ఎలాగో కడతారు. నాలుగో నెలలో, ఎవరికీ చెప్పకుండా, క్రెడిట్ కార్డు తీస్తారు.

నేనూ తీశాను. కొన్నేళ్ల క్రితం మా కుక్కకు పిడుదుల జ్వరం వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయాయి. ముందు కాలికి నీలం రంగు బ్యాండేజీ చుట్టి, దాని కింద సూది ఉంచి, రోజూ తీసుకురమ్మనేవారు. ఒక్కరోజు కూడా 'మొత్తం ఎంత అవుతుంది' అని నేను అడగలేదు. అడిగితే దాని ప్రాణానికి వెల కట్టినట్టు అనిపించేది. పదకొండు రోజులకు 62,000 కార్డు మీద పడింది. కుక్క బతికింది, ఆ సంతోషం నాకు ఇప్పటికీ ఉంది. ఆ బాకీ తీరడానికి మాత్రం పద్నాలుగు నెలలు పట్టింది, ఆ పద్నాలుగు నెలల్లో మా అమ్మ కంటి ఆపరేషన్ రెండుసార్లు వాయిదా వేశాను. కార్డు బాకీ మీద వడ్డీ సాధారణంగా నెలకు మూడు శాతం పైనే ఉంటుంది. అందుకే మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను: ఈ వైద్యం కోసం కార్డూ వద్దు, ఫోనులో నిమిషాల్లో వచ్చే రుణమూ వద్దు.

ఇక 37,500ను ఎలా వాడాలి? డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఒక్క ప్రశ్న అడగండి. 'ఈ ఖర్చుతో జబ్బు నయమవుతుందా, బాధ తగ్గుతుందా, లేక రోజులు పెరుగుతాయా?' ఈ మూడూ వేర్వేరు. ఆడకుక్కకు గర్భసంచిలో చీము పడితే ఆపరేషన్‌కు ఒకేసారి పెద్ద మొత్తం అవుతుంది, కానీ సకాలంలో చేస్తే చాలావరకు అంతటితో నయమవుతుంది. అలాంటిదానికి ఎఫ్‌డీలో ఇంకొంచెం లోపలికి వెళ్లమని నేనే చెప్పేవాణ్ణి. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అలా కాదు. కిడ్నీల పనితీరులో దాదాపు ముప్పావు వంతు పోయాకే రక్తంలో క్రియాటినిన్ పెరగడం కనిపిస్తుంది. పోయిన భాగం తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవడమే వైద్యం.

కానీ బబ్లూది పూర్తిగా దీర్ఘకాలికమైనదేనా అన్నది ఇంకా తేలలేదని మీరు పంపిన కాగితాలు చూస్తే తెలుస్తోంది. వాంతులతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు కూడా క్రియాటినిన్ పెరుగుతుంది. 5 దాటితే పశువైద్యులు చివరి దశగా లెక్కిస్తారు, బబ్లూ దానికి కొంచెం ఇవతల ఉన్నాడు. అయితే నీరసించి, నీరు తగ్గిన స్థితిలో తీసిన రక్తంతో దశ నిర్ణయించరు. మీ ఫైల్లో మూడు రక్తపరీక్షల రసీదులు ఉన్నాయి, అల్ట్రాసౌండ్ లేదు, మూత్రపరీక్ష లేదు, లెప్టోస్పైరోసిస్ పరీక్ష లేదు. కిడ్నీలు కుంచించుకుపోయి ఉంటే పాత జబ్బు కావచ్చు, ఉబ్బి ఉంటే కొత్త దెబ్బ కావచ్చు. ఆ మాట డాక్టరు అల్ట్రాసౌండ్ చూసి చెప్పాలి. లెప్టోస్పైరోసిస్ ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల వస్తుంది, సమయానికి పట్టుకుంటే మందులకు లొంగే అవకాశం ఉంది. అది మనుషులకూ సోకగలదు. కాబట్టి ఆ పరీక్షకు పెట్టే డబ్బు ఒక్క బబ్లూ కోసమే కాదు, పక్కనే పడుకునే మీ బాబు కోసం కూడా. బబ్లూ మూత్రం శుభ్రం చేసేటప్పుడు చేతులకు గ్లౌజులు వేసుకోండి.

అందువల్ల ఐదు రోజులకు ఒప్పుకోకండి, మూడు రోజులకు ఒప్పుకోండి. మీరు చెప్పిన రేటు ప్రకారం 24,000, మిగతా పరీక్షలకు సుమారు 5,000. మూడో రోజు మళ్లీ క్రియాటినిన్ చూడమనండి. బాగా దిగితే మరో రోజు ఉంచడానికి మీ దగ్గర ఇంకా 8,500 ఉంటుంది. దిగకపోతే నాలుగో రోజు, ఐదో రోజు కూడా అదే సెలైన్‌కు ఎందుకు కట్టాలో డాక్టరుగారే మీకు చెప్పాలి. ఈ మాట ముందే, చేర్చుకునేటప్పుడే చెప్పండి: 'మా దగ్గర 37,500 ఉంది, దీనిలో ఏది ముందు చేయాలో మీరే చెప్పండి.' మంచి డాక్టర్లు దీన్ని అవమానంగా తీసుకోరు. వాళ్లకు అది వెసులుబాటు, ఎందుకంటే మీ పరిమితి తెలియనప్పుడు అన్నీ రాయవలసి వస్తుంది. వైద్య సేవలకు రోజువారీ బిల్లు అడగండి. పశువైద్యశాల చేసే చికిత్స సేవల మీద జీఎస్టీ లేదు, బిల్లులో కనిపిస్తే దేనికి వేశారో అడగండి.

మీకు ఇరవై కిలోమీటర్ల దూరంలో గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. తిరుపతి శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడిచే కళాశాల అది. బోధనాసుపత్రిలో ఖర్చు ప్రైవేటుతో పోలిస్తే తక్కువ, చూసేవాళ్లు పాఠాలు చెప్పే అధ్యాపకులు. రాత్రంతా ఉంచుకునే ఏర్పాటు ఉందో లేదో ముందే ఫోను చేసి కనుక్కోండి. కనీసం రెండో అభిప్రాయానికైనా రిపోర్టులు పట్టుకుని ఒక పూట వెళ్లి రండి. హైదరాబాద్ పాఠకులకు రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది. చాలామందికి ఇది గేదెలకు, ఆవులకు మాత్రమే అన్న అపోహ ఉంది, అది వదులుకోవాలి.

చెన్నై డయాలసిస్ గురించి. మద్రాస్ పశువైద్య కళాశాలలో కుక్కలకు ఆ సౌకర్యం ఉన్నది నిజమే. అయితే కుక్కల్లో డయాలసిస్ ముఖ్యంగా హఠాత్తుగా దెబ్బతిన్న కిడ్నీలు కోలుకునే వరకు ఆదుకోవడానికి. పరీక్షల్లో పాత జబ్బు అని తేలితే పదేళ్ల కుక్కను కారులో ఎనిమిది గంటలు తీసుకెళ్లి, అక్కడ బస చేసి, వారానికి ఇన్నిసార్లు సూదులు గుచ్చించడం బబ్లూకు మేలు చేయదు. ఆ ఖర్చు వద్దు. ఇది నా ఆర్థిక అభిప్రాయం మాత్రమే కాదు, కుక్కను పెంచినవాడిగా కూడా చెబుతున్నాను.

ఇప్పటికే పెట్టిన 23,000ను లెక్కలోకి తీసుకోకండి. 'ఇంత పెట్టాం, ఇప్పుడు వదిలేస్తే అదంతా వృథా' అన్న మాట మీ పూర్తి ఉత్తరంలో రెండుసార్లు ఉంది. అది పోలేదు, రోగం ఏమిటో తెలుసుకోవడానికి ఖర్చయింది. ఇకపై పెట్టే ప్రతి రూపాయికీ ఇకపై వచ్చేదాన్నే చూడాలి.

ఇంటికి తెచ్చాక నెలకు 5,500లో సర్దాలి. 9,000 చీటీని అలాగే డాక్టరు ముందు పెట్టి, ముఖ్యమైనవి ముందు వచ్చేలా తిరిగి రాయించుకోండి. వాంతి తగ్గించేది, ఫాస్ఫరస్‌ను అదుపు చేసేది ముందుంటాయి. ప్యాకెట్ ఆహారమే ఆ 9,000లో పెద్ద భాగం. దానికి బదులు ఇంట్లో వండే ఆహారం కొలతలతో రాసిచ్చే డాక్టర్లు ఉన్నారు, సొంతంగా మాత్రం మొదలుపెట్టకండి. చర్మం కింద సెలైన్ ఎక్కించడం ఇంట్లోనే చేసుకోవచ్చు. మెడ వెనక చర్మాన్ని రెండు వేళ్లతో గుడారంలా లేపి సూది పెట్టడం నర్సు ఒకటి రెండుసార్లు చూపిస్తే వచ్చేస్తుంది. సీసా ఖరీదు తక్కువే, రోజూ ఆసుపత్రికి వెళ్లిరావడమే ఖరీదు. డబ్బు మిగులుతుందని ఇంట్లో ఉన్న మనుషుల నొప్పి మాత్రలు మాత్రం వేయకండి. ఐబుప్రొఫెన్ కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తుంది.

ఎఫ్‌డీ మొత్తం రద్దు చేయనవసరం లేదు. మీ బ్యాంకు పాక్షికంగా తీయనిస్తే అంతే తీయండి, లేకపోతే ఎఫ్‌డీ మీద రుణం తీసుకోండి. డిపాజిట్ వడ్డీకి ఒకటి రెండు శాతం ఎక్కువకే దొరుకుతుంది. పెంపుడు జంతువుల బీమా మన దగ్గరా ఉంది కానీ అప్పటికే ఉన్న జబ్బుకు వర్తించదు, వయసు పరిమితులూ ఉంటాయి, కనుక బబ్లూకు దారి మూసుకుపోయింది. ఆదాయపు పన్నులో ఆరోగ్య బీమాకు ఇచ్చే మినహాయింపు కూడా మనుషులకే.

ఒకటి మాత్రం ఈ వారమే చేయండి. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం అందించేలా ఆయుష్మాన్ భారత్‌ను 2024 అక్టోబరులో విస్తరించారు. అత్తయ్యగారి ఆధార్‌తో వయ వందన కార్డుకు నమోదు చేయించండి. మీవారి గుండెల మీద ఉన్న బరువులో సగం అదే. ఆ కార్డు చేతికొచ్చాక బబ్లూ నెల ఖర్చు గురించి ఆయనతో మాట్లాడితే ఆ సంభాషణ వేరేగా ఉంటుంది.

చివరగా, రాయడానికి కష్టమైన విషయం. మూడో రోజు అంకె దిగకపోతే, ఇంటికి తెచ్చాక కూడా తిండి ముట్టకపోతే, లేవలేకపోతే, ఎక్కడ ఆపాలో మీరిద్దరూ ఇప్పుడే మాట్లాడుకోండి. నొప్పి లేకుండా సాగనంపడం కూడా వైద్యమే, కొందరు డాక్టర్లు ఇంటికే వస్తారు. ఆ రాత్రి ఏడుస్తూ తీసుకునే నిర్ణయాలే ఎక్కువ అప్పు చేయిస్తాయి.

బాబుకు ఏమీ చెప్పకుండా దాచకండి. గొలుసు మెడలోనే ఉండనివ్వండి, వాణ్ణి మీతో ఆసుపత్రికి తీసుకెళ్లండి. నర్సు సూది పెట్టడం చూపిస్తున్నప్పుడు సీసాను ఎత్తి పట్టుకోవడానికి ఒక చెయ్యి కావాలి.