కౌంట్ తగ్గితే ఎలుక ఊరుకున్నట్టేనా?

ప్రశ్న: బి.ఫార్మసీ మూడో ఏడాది చదువుతున్నాను సార్. ప్రాక్టికల్‌లో చిట్టెలుకలకు కెఫీన్ ఇచ్చి, యాక్టోఫోటోమీటర్‌లో (ఎలుక కదిలి కాంతి కిరణాన్ని తెంపినప్పుడల్లా లెక్కపెట్టే పెట్టెలో) పది నిమిషాల కౌంట్ తీశాం. తక్కువ డోసుకి పెరిగింది. కిలో బరువుకు 100 మిల్లీగ్రాముల లెక్కన ఇస్తే పడిపోయింది. ఇంజెక్షన్ సరిగ్గా చేయలేదేమోనని టెన్షన్‌గా ఉంది. ఉత్తేజపరిచే మరో మందు యాంఫిటమిన్‌కైనా ఇంతేనా?
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: నీ తప్పేమీ లేదమ్మా, కెఫీన్ తీరే అంత. మెదడును నెమ్మదింపజేసే అడినోసిన్‌కు అది అడ్డుపడుతుంది. అందుకే చిట్టెలుక హుషారుగా తిరుగుతుంది. డోసు బాగా పెరిగితే ఆ తిరుగుడు తగ్గిపోతుంది.

యాంఫిటమిన్ దారి వేరు. అది నాడీకణాల్లోని డోపమిన్ అనే రసాయనాన్ని బయటికి తోస్తుంది. కొద్దిగా ఇస్తే ఎలుక పెట్టెంతా పరుగులు పెడుతుంది. ఎక్కువిస్తే దీనికీ కౌంట్ పడిపోతుంది. కానీ ఎందుకు పడిపోతుందన్న దాంట్లోనే అసలు తేడా ఉంది.

నా పరిశోధన రోజుల్లో ఒకసారి మీటరు దాదాపు ఆగిపోయింది. మందు ప్రభావం దిగిపోయిందని రికార్డులో రాయబోయాను. పెట్టెలోంచి సన్నగా కటకటమని చప్పుడు! మూత తీసి చూస్తే, ఎలుక ఒక మూలన నిలబడి తల పైకీ కిందికీ ఆడిస్తోంది. అడుగున ఉన్న ఒకే కమ్మీని వాసన చూడటం, కొరకడం, మళ్లీ వాసన చూడటం. పక్కన చెయ్యి పెట్టినా తల తిప్పలేదు. దీన్నే స్టీరియోటైపీ అంటారు. ఉన్నచోటు నుంచి కదలదు కాబట్టి కాంతి కిరణం తెగదు, మీటరు తిరగదు. మెదడు మాత్రం విపరీతమైన ఉద్రేకంలో ఉంటుంది. ఆ రోజు నుంచి మీటరు ఒక్కదాన్నే నమ్మడం మానేశాను.

కదలిక ఎంత అన్నదే కాదు, ఎలా ఉందన్నదీ చూడాలి. 1970లో ఉంగర్‌స్టెట్, ఆర్బత్‌నాట్ అనే శాస్త్రవేత్తలు మెదడులో ఒక పక్క డోపమిన్ నాడులు దెబ్బతిన్న ఎలుకలకు యాంఫిటమిన్ ఇచ్చారు. అవి దెబ్బ ఉన్న పక్కకే గిరగిరా తిరిగాయి. వాళ్లు ఆ చుట్లనే లెక్కపెట్టారు.

యాంఫిటమిన్ మాదకద్రవ్యాలను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం పరిధిలోది, మీ ప్రాక్టికల్‌కి రాదు. కెఫీన్‌తోనే జాగ్రత్తగా చెయ్యి. ఇంకొక్క మాట. కొత్త పెట్టెలో చిట్టెలుక మొదట అంతా వెతుకుతూ తిరుగుతుంది. రెండోసారి పెడితే, మందు లేకపోయినా కౌంట్ తగ్గుతుంది. మందుకు ముందు, తర్వాత అని పోల్చి ఊరుకోకు. మందు బదులు సెలైన్ ఇచ్చిన చిట్టెలుకలను కూడా అదే వేళకు, అదే పెట్టెలో పెట్టి చూడు. నిమిషానికోసారి అది ఏం చేస్తోందో కౌంట్ పక్కనే రాసుకో.