పుర్రె ఆధారితమా, పుర్రె అడుగా?

సందేహం: మా అన్నయ్యకు పీయూష గ్రంథిలో గడ్డ ఉందన్నారు. ఆస్పత్రి వాళ్లిచ్చిన కాగితంలో డాక్టరుగారి పేరు కింద ‘కనిష్ఠ దురాక్రమణ పుర్రె ఆధారిత నాడీ శస్త్రవైద్య నిపుణులు’ అని ఉంది. చదివి ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకుంది. దీన్ని తెలుగులో ఎలా చెప్పాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: టెన్షన్ పడటంలో మీ తప్పేమీ లేదమ్మా. ఇంగ్లిష్‌లోని ‘మినిమల్లీ ఇన్వేసివ్ స్కల్ బేస్ న్యూరోసర్జన్’ను మాటకు మాట మార్చేశారు. శత్రుసేన పొరుగుదేశం మీద పడితే అది దురాక్రమణ. వైద్యం చేసే మనిషికి ఆ మాట తగిలించడమేమిటి? ‘కనిష్ఠ’ అని ముందు చేర్చినంత మాత్రాన దాని వాడి తగ్గదు.

అంతకన్నా పెద్ద చిక్కు ‘పుర్రె ఆధారిత’తో. వ్యవసాయాధారిత పరిశ్రమ అంటే వ్యవసాయం మీద ఆధారపడ్డది. ఆ లెక్కన ఇది పుర్రె మీద ఆధారపడ్డ వైద్యం అవుతుంది! చెప్పదలచుకున్నది ‘స్కల్ బేస్’, అంటే పుర్రె అడుగు భాగం గురించి. మెదడు కూర్చునే ఎముక అది. కంటి నాడులు, మెదడుకు రక్తం తీసుకెళ్లే పెద్ద ధమనులు దాని రంధ్రాల గుండానే పోతాయి. పీయూష గ్రంథి ఉండేదీ అక్కడి చిన్న గుంటలోనే. ‘పుర్రె’ అంటే శ్మశానం గుర్తొస్తుందని కొందరు ‘కపాలం’ అంటారు. పుర్రెకో బుద్ధి అన్న జాతికి ఆ జంకు అక్కర్లేదనుకుంటాను.

ఇక ‘కనిష్ఠ’ సంగతి. పత్రికల్లో ‘కోత లేని ఆపరేషన్’ అని కూడా రాస్తున్నారు. అది నిజం కాదు. ముక్కు రంధ్రంలోంచి ఎండోస్కోపు (లోపలి భాగాలు చూపే సన్నటి గొట్టం) పంపి, ముక్కు వెనక గాలి గది దాటి, పల్చటి ఎముక తొలిచి గడ్డను తీస్తారు. బయటికి మచ్చ కనపడదు గాని లోపల కోత ఉంటుంది. మెదడు చుట్టూ ఉండే ద్రవం కారకుండా, అవసరమైతే ముక్కు లోపలి పొరనే తెచ్చి ఆ దారిని మూస్తారు. అందుకే తర్వాత కొన్నాళ్లు ముక్కు చీదొద్దంటారు. ముక్కులోంచి పల్చటి నీళ్లు కారితే జలుబే కదా అని ఊరుకోకుండా డాక్టరుకు చెప్పమంటారు. ‘కోత లేదు’ అని నమ్మినవాళ్లకు ఈ జాగ్రత్తలు ఎందుకో ఎలా అర్థమవుతాయి?

‘ముక్కు ద్వారా’ అన్నంత మాత్రానా సరిపోదు. 1907లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో ష్లోఫర్ అనే సర్జన్ ఇలాంటి గడ్డను ముక్కు దారినే తీశాడు. కాని ముక్కును బయటినుంచి కోసి, పక్కకు మడిచి! 1910లో వియన్నాలో హిర్ష్ అనే డాక్టరు ముక్కు లోపలినుంచే వెళ్లాడు. ఎండోస్కోపుతో చేయడం స్థిరపడింది 1990లలో. కాబట్టి దారినీ పరికరాన్నీ చెప్పేయండి: ‘ముక్కు రంధ్రంలోంచి ఎండోస్కోపుతో పుర్రె అడుగు భాగానికి ఆపరేషన్లు చేసే న్యూరోసర్జన్’. పొడుగే, కాని భయపెట్టదు. కనుబొమ దగ్గర గాటు పెట్టి చేస్తే ‘చిన్న కోతతో’ అనండి.

‘న్యూరోసర్జన్’ను అలాగే ఉంచండి. ‘నరాల డాక్టర్’ అంటే మందులిచ్చే న్యూరాలజిస్టూ కావచ్చు. పైగా మనం రక్తనాళాన్నీ నరమే అంటాం: ‘సూదికి నరం దొరకలేదు’.

మీరు ‘గ్రంథి’ అని థకారంతో సరిగ్గా రాశారు. చాలామంది రాసే ‘గ్రంధి’ తప్పు.