‘ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చుని రాసుకుంటోంది, ఇదేం చదువు?’

ప్రశ్న: మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. మూడెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. మా పాప తిరుపతిలో బీఏ ఎకనామిక్స్ చివరి సంవత్సరం చదువుతోంది. బీఈడీ చెయ్యమన్నా, బ్యాంకు కోచింగుకు పొమ్మన్నా వినడం లేదు. ఫ్యాక్టరీల్లో పని ఎట్లా జరుగుతుంది, జనం ఏం కొంటారు, ఎందుకు కొంటారు అని రీసెర్చ్ చేస్తానంటోంది. పోయిన సీజన్లో నేను కాయలు తోలుకుని గుజ్జు ఫ్యాక్టరీ దగ్గర వరసలో ఉంటే, తనూ వచ్చి గేటు దగ్గర కూర్చుని నోటుబుక్కులో ఏదో రాసుకుంది. ఇట్లాంటి చదువు నిజంగా ఉందా? ఉంటే కూడు పెడుతుందా? ఆ పేజీలు నాలుగు ఫోటో తీసి పంపుతున్నా. చూసి చెప్పండి.
– ఒక తండ్రి, చిత్తూరు జిల్లా

జవాబు: అన్నగారూ, ముందు ఆ నాలుగు పేజీల సంగతే చెబుతాను. రాత్రి రెండుసార్లు చదివాను.

మొదటి పేజీలో పాప ఇలా రాసుకుంది: ‘ఉదయం 6.40, ట్రాక్టర్, టోకెన్ 61. కాయ దించింది సాయంత్రం 4.20. ఎండకు పైవరస మెత్తబడింది. తూకంలో ఎంత తీసేశారు? నాయనను అడగాలి.’ రెండో పేజీ ఫ్యాక్టరీ లోపలి పని గురించి. ‘కాయ కోసేచోట ఆడవాళ్లు 22 మంది. షిఫ్టు మొదలయ్యే ముందు అందరూ చేతులకు కొబ్బరినూనె రాసుకుంటారు, సొన కాలుస్తుందని. నూనె ఖర్చు ఎవరిది? వాళ్లదే.’ నాలుగో పేజీలో ఊళ్లో అంగడికి పోయి మామిడి డ్రింకు సీసా కొని, దాని వెనక లేబుల్ అంతా ఎక్కించుకుని, కింద ఒక ప్రశ్న రాసింది: ‘ఇందులో మా కాయ ఎంత?’

మీ పాపకు ఎవరూ నేర్పకుండానే ఇది వచ్చింది. ‘నూనె ఖర్చు ఎవరిది?’ అన్న ప్రశ్న ఎంఏ చేసి, పీహెచ్‌డీలో చేరిన పిల్లల్లో కూడా చాలామందికి తట్టదు. వాళ్లు పుస్తకాల్లోంచి ప్రశ్న తీసుకుని ఫ్యాక్టరీకి పోతారు. ఈ అమ్మాయి ఫ్యాక్టరీ గేటు దగ్గరే ప్రశ్న పట్టుకుంది.

ఇక మీ మొదటి సందేహం. ఇట్లాంటి చదువు ఉంది. వస్తువు ఎట్లా తయారవుతుంది, దాన్ని చేసేవాళ్ల పని ఎట్లా సాగుతుంది, కొనేవాళ్లు ఎందుకు కొంటారు అనే మూడూ యూనివర్సిటీల్లో పెద్ద పరిశోధనా రంగాలే. ఎకనామిక్స్, సోషియాలజీ, లేబర్ స్టడీస్, సైకాలజీ, మేనేజ్‌మెంట్ వాళ్లు తలా ఒక వైపు నుంచి చూస్తారు. మీ కాయకు మాత్రం ఈ డిపార్టుమెంట్ల గోడలు లేవు. తోట నుంచి కాయలు కొనే ర్యాంపుకు, అక్కడి నుంచి గుజ్జు ఫ్యాక్టరీకి, డ్రమ్ముల్లో నిండి ఎక్కడో సీసాల్లోకి, చివరికి ఎవరి నోట్లోకో పోతుంది. 2025 సీజన్లో ధర పడిపోయినప్పుడు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 వచ్చేలా చూస్తామన్నారు కదా. ఆ 8 ఎందుకు 8 అయింది అన్నది తోటలో నిలబడి చూస్తే అర్థం కాదు. ఫ్యాక్టరీ గోదాములో పాత గుజ్జు ఎంత ఉంది, విదేశాల నుంచి ఆర్డర్లు ఎంత వచ్చాయి, ఆ ఏడు కూల్‌డ్రింకుల అమ్మకం ఎట్లా ఉంది, ఇవన్నీ చూడాలి. ఆ మూడు కొసలూ కలిపి చూసేవాళ్లు మన జిల్లాకు చాలా అవసరం.

ఈ చదువు కొత్తదీ కాదు. అమెరికాలో షికాగో పక్కన హాథార్న్ అనే చోట టెలిఫోన్ సామాను చేసే పెద్ద ఫ్యాక్టరీ ఉండేది. 1924లో అక్కడ ఒక ప్రయోగం మొదలుపెట్టారు. దీపాల వెలుగు పెంచితే పని పెరుగుతుందా అని చూశారు. పెంచినప్పుడు పెరిగింది, కానీ తగ్గించినా పెద్దగా పడిపోలేదు. లెక్క తప్పిందని వదిలెయ్యకుండా, 1927లో టెలిఫోన్ రిలేలు (కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్చులు) బిగించే ఐదుగురు ఆడపిల్లలను వేరే గదిలో కూర్చోబెట్టి ఏళ్ల తరబడి గమనించారు. విరామాలు ఇచ్చారు, పనిగంటలు మార్చారు, ఎవరు ఎన్ని బిగించారో లెక్క పెట్టారు. ఉత్పత్తి పెరిగింది. తమను ఎవరో పట్టించుకుంటున్నారన్న భావన వల్ల పెరిగిందని కొందరన్నారు. కూలి లెక్క మారినందువల్ల అని ఇంకొందరు. ఆ వాదన ఇప్పటికీ తెగలేదు. ఆ తర్వాత 1931లో 14 మంది మగవాళ్లున్న ఇంకో గదిని గమనిస్తే వేరే సంగతి బయటపడింది. ఎక్కువ చేస్తే రేపు టార్గెట్ పెంచుతారని, రోజుకు ఇంతకు మించి చెయ్యకూడదని వాళ్లలో వాళ్లే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. దాన్ని దాటినవాణ్ని తోటివాళ్లే ఆపేవారు.

ఇది చదివితే నాకు సత్యవేడు పక్కన ఉన్న పారిశ్రామికవాడ శ్రీసిటీ గుర్తొస్తుంది. అక్కడి ఫ్యాక్టరీల్లో సామాను బిగించే లైన్ల మీద మన చుట్టుపక్కల జిల్లాల ఆడపిల్లలు వేలమంది పనిచేస్తున్నారు. వందేళ్ల కిందట షికాగో పక్కన వేసిన ప్రశ్నలన్నీ ఇక్కడ మళ్లీ వెయ్యాలి. కొత్తవీ వెయ్యాలి. హాస్టల్‌లో ఉండి జీతం ఇంటికి పంపే అమ్మాయి ఆ జీతంలో తనకోసం ఏం కొనుక్కుంటుంది? రెండు మూడేళ్లకు మానేసి వెళ్లినవాళ్లు ఏం చేస్తున్నారు?

దగ్గరలోదే ఇంకొకటి చెబుతాను. బెంగళూరు చుట్టుపక్కల బట్టల ఫ్యాక్టరీల్లో పాత దీపాలు తీసి కరెంటు ఆదా అయ్యే ఎల్‌ఈడీలు పెట్టారు. పరిశోధకులు ఆ ఫ్యాక్టరీల రోజువారీ ఉత్పత్తి లెక్కలు తీసి ఎండ లెక్కలతో పోల్చి చూశారు. మామూలుగా ఎండ ముదిరిన రోజు కుట్టుపని తగ్గుతుంది. ఎల్‌ఈడీలు పెట్టినచోట ఆ తగ్గుదల తక్కువగా కనిపించింది. ఎందుకంటే అవి పాత దీపాలంత వేడి పుట్టించవు. కరెంటు ఆదా చేసే దీపాల వల్ల కుట్టేవాళ్లకూ కాస్త ఊపిరాడింది, ఫ్యాక్టరీకి ఉత్పత్తీ మిగిలింది. మామిడి సీజన్లో రేకుల షెడ్డు కింద నిలబడి కాయ కోసే మన ఆడవాళ్లకు ఈ ప్రశ్న ఎంత దగ్గరిదో మీకు నేను చెప్పక్కర్లేదు.

కొనేవాళ్ల వైపు కూడా చూద్దాం. కేంద్రం ఇంటి ఖర్చుల సర్వే చేస్తుంది. 2023-24 లెక్క ప్రకారం దేశంలో పల్లెల్లో ఒక్కో మనిషి నెల ఖర్చు సగటున 4,122 రూపాయలు, పట్టణాల్లో 6,996. పల్లె ఖర్చులో 47 శాతం తిండికే పోతోంది. అందులో పెద్ద వాటా బియ్యానిదో పాలదో కాదు. కూల్‌డ్రింకులు, టిఫిన్లు, ప్యాకెట్ తిండి అన్నీ కలిపిన పద్దు అన్నిటికంటే పైన ఉంది. మొత్తం ఖర్చులో దాదాపు 10 శాతం అదే. అంటే మీ కాయతో చేసిన డ్రింకు కొనేది దూరాన ఎక్కడో ఉన్న నగరంవాళ్లే కాదు, పక్క పల్లె కూలివాళ్ల పిల్లలు కూడా. ఈ సర్వే అసలు లెక్కలు ఇంటి పేర్లు లేకుండా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పాప ఇప్పటి నుంచే దింపుకుని చూడవచ్చు.

ఇక దారి సంగతి. డిగ్రీ తర్వాత ఎంఏ తప్పకుండా చెయ్యాలి. నాలుగేళ్ల ఆనర్స్ చేసి 75 శాతం తెచ్చుకుంటే నేరుగా పీహెచ్‌డీకి పోవచ్చని నిబంధన ఉంది. అయినా నేను ఎంఏ చెయ్యమనే చెబుతాను. రెండేళ్లు గట్టిగా పద్ధతి నేర్చుకోకుండా పీహెచ్‌డీలోకి పోయి మధ్యలో చిక్కుకున్న పిల్లలను చూశాను. ఇంటి దగ్గరే ఉండాలంటే ఎస్వీ యూనివర్సిటీ ఉంది, పీజీ సీట్ల కోసం రాష్ట్రం పెట్టే ఏపీ పీజీసెట్ రాయాలి. బయటికి పంపగలిగితే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్. వీటికి సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ పరీక్ష ఈమధ్య మార్చిలో జరుగుతోంది, దరఖాస్తులు దానికి ఒకటి రెండు నెలల ముందే ముగుస్తాయి. డిగ్రీ పరీక్షలు అయ్యాక చూద్దాంలే అనుకుంటే ఏడాది పోతుంది. తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్‌లో అప్లైడ్ ఎకనామిక్స్ ఎంఏ ఉంది. కూలి, పరిశ్రమ, వలసల మీద అక్కడ చాలా పని జరిగింది. మీ పాప నోటుబుక్కు చూశాక నాకు ముందు తట్టింది ఆ పేరే. పీహెచ్‌డీ సమయానికి తిరుపతి ఐఐటీలో కూడా హ్యుమానిటీస్ విభాగం ఉంది.

ఎక్కడ చదివినా స్టాటిస్టిక్స్ తప్పదు. ఇందులో మొహమాటం లేదు. ఎకనామిక్స్ బీఏ పిల్లలు చాలామంది లెక్కలంటే టెన్షన్ పడి పక్కకు తప్పుకుంటారు. 61వ టోకెన్ ట్రాక్టర్ దాదాపు పది గంటలు ఆగిందని పాపకు తెలుసు. మిగతా ట్రాక్టర్లూ అంతే ఆగాయా, చిన్న రైతు ఎక్కువ ఆగుతున్నాడా, ఇది చెప్పాలంటే లెక్క రావాలి. కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్‌లో నడిపే స్వయం పోర్టల్లో ఉచిత కోర్సులున్నాయి. ఎక్సెల్ బాగా నేర్చుకుని, తర్వాత డబ్బు కట్టక్కర్లేని ‘ఆర్’ అనే సాఫ్ట్‌వేర్ పట్టుకోమనండి.

కూడు పెడుతుందా అని అడిగారు. అది మీరు అడగాల్సిన ప్రశ్నే. ఎంఏ అయ్యాక యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష ఉంటుంది, ఏడాదికి రెండుసార్లు. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు ఫెలోషిప్. హాస్టల్ ఇవ్వకపోతే ఇంటద్దె కూడా ఇస్తారు. ఆ డబ్బు ఉంటే మీరు పంపాల్సిన పని ఉండదు. అందరికీ రాదు, పోటీ గట్టిది. జేఆర్‌ఎఫ్ రాకుండా పీహెచ్‌డీలో చేరాలంటే వేరే ఫెలోషిప్ ఏదైనా చేతికి వచ్చాకే చేరమనండి. డబ్బు లేని పీహెచ్‌డీ ఇల్లంతటినీ నలిపేస్తుంది. ఎంఏతో ఆగినా దారులున్నాయి. యూపీఎస్సీ జరిపే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్షకు ఎకనామిక్స్ పీజీనే అర్హత. మార్కెట్ రీసెర్చ్ కంపెనీలు ఉన్నాయి. సర్వేలు చేసే పరిశోధనా సంస్థలు, కంపెనీల్లో హెచ్‌ఆర్ ఉద్యోగాలు ఉన్నాయి. యూనివర్సిటీ ఉద్యోగం మాత్రం ఆలస్యంగా వస్తుంది. ముప్పై దాటవచ్చు. ఆలోపే అమ్మాయి పెళ్లి మాట ఇంట్లో వస్తుంది కాబట్టి, ఈ లెక్క ఇప్పుడే ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి.

పీహెచ్‌డీకి గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ఆయన దగ్గర చదివినవాళ్లు ఎన్నేళ్లకు పూర్తి చేశారో అడిగి తెలుసుకోమనండి. డబ్బు కడితే పేపర్ అచ్చేస్తామనే జర్నల్స్, థీసిస్ రాసిపెడతామనే అంగళ్ల జోలికి పోవద్దు.

ఇప్పుడు ఆ నోటుబుక్కులో నాకు నచ్చని ఒక్క విషయం. మూడో పేజీలో ఐదుగురు ఆడవాళ్ల పేర్లు, ఊళ్లు, వాళ్లను తెచ్చిన మేస్త్రీ పేరు, రోజు కూలిలో ఆయన పట్టుకునేదెంతో రాసి ఉంది. అన్నగారూ, ఆ పేజీ మీ ఫోన్లో ఉంది, ఇప్పుడు నా ఫోన్లో కూడా ఉంది. అది మేస్త్రీ కంట పడితే మరుసటి రోజు వాళ్లకు పని ఉండదు. నా దగ్గరున్న ఫోటో తీసేశాను. మీరూ తీసేయండి. పాపను పేర్ల బదులు గుర్తులు పెట్టుకోమనండి. ‘అ-1, అ-2’ అని రాసుకుని, ఏ గుర్తు ఎవరిదో వేరే కాగితం మీద రాసి ఇంట్లో దాచాలి. మాట్లాడే ముందు ఎందుకు అడుగుతున్నదీ చెప్పి, ఒప్పుకుంటేనే అడగాలి. పరిశోధనలో ఇది తొలి మెట్టు. నేను చదువుకునే రోజుల్లో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ పక్కన ఉండగానే ముప్పై మందిని ప్రశ్నలడిగాను. ముప్పై మందీ ‘అంతా బాగుంది సార్’ అన్నారు. నెల రోజుల పని పనికిరాకుండా పోయింది. అంతకంటే, నా వల్ల వాళ్లు ఎంత ఇబ్బంది పడి ఉంటారో అన్న బాధ ఇంకా ఉంది. మాటలు గేటు దగ్గర కాదు, పని దిగాక బస్‌స్టాప్‌లో, లేదంటే వాళ్ల ఇళ్ల దగ్గర.

ఇక్కడే మీ పాపకు ఒక బలం ఉంది. మన సరిహద్దు ఊళ్లలో తెలుగూ అరవమూ రెండూ వస్తాయి. శ్రీసిటీలో, గుజ్జు ఫ్యాక్టరీల్లో రెండు వైపుల వాళ్లూ పని చేస్తారు. ఢిల్లీ నుంచి వచ్చిన పరిశోధకుడికి దుబాసీ కావాలి. ఈమెకు అక్కర్లేదు. ‘అక్కా, చేతులు మంటగా ఉన్నాయా?’ అని ఏ భాషలో అడిగితే ఎవరు మనసు విప్పుతారో ఆమెకు తెలుసు.

వచ్చే సీజన్ లోపల సీయూఈటీ, పీజీసెట్ రెండింటికీ దరఖాస్తు చేయించండి. కాయ మొదలయ్యే నాటికి ఒకే ఒక ప్రశ్న పెట్టుకోమనండి. ట్రాక్టర్ ఎన్ని గంటలు ఆగింది, ఆ ఆగినందుకు రైతు ఎంత పోగొట్టుకున్నాడు. రోజూ ఒకే గంటకు వెళ్లి, ఒకే పద్ధతిలో రాసుకోవాలి. నెల రోజులు చేస్తే చాలు, ఎంఏ ఇంటర్వ్యూలో బల్ల మీద పెట్టడానికి ఆమె దగ్గర సొంత పని ఉంటుంది.

మీ దగ్గర పాత సీజన్ల తూకం చీటీలు ఉంటే పారేయకండి. ఏ ఏడు చీటీలు ఆ ఏడు కట్టగట్టి, పైన సంవత్సరం రాసి పాపకు ఇవ్వండి. మొదటి పేజీలో ‘నాయనను అడగాలి’ అని రాసుకున్న ప్రశ్నకు జవాబు వాటిలోనే ఉంటుంది.