పసుపు పంటలా వచ్చే డబ్బుకు నెలనెలా కిస్తీ కుదురుతుందా?

ప్రశ్న: నాకు 22 ఏళ్లు. మాది ఆర్మూర్ దగ్గర పల్లె, పసుపు వేసే కుటుంబం. మహిళల ఫుట్‌బాల్ పోటీ ఇండియన్ విమెన్స్ లీగ్‌లో మిడ్‌ఫీల్డర్‌గా ఆడుతున్నాను. ఈ ఏడాది కాంట్రాక్టు 4 లక్షలు, 8 నెలల్లో ఇస్తారు. టీడీఎస్ (ముందే కోసే పన్ను) పోను నెలకు 45 వేలు వస్తోంది. అది చూసి నాన్న నిజామాబాద్ దగ్గర ఒక వెంచర్‌లో ప్లాట్ చూశారు. నెలకు 12 వేల చొప్పున ఐదేళ్లు కట్టాలట. డిగ్రీ రెండో ఏడాదిలో ఆపేశాను. ప్లాట్ తీసుకోవచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: ఇప్పుడే వద్దు. ప్లాట్ చెడ్డదని కాదు, మీ డబ్బు వచ్చే తీరుకు ఆ కిస్తీ సరిపడదు.

పసుపు అమ్మిన వారంలో చేతిలో ఉన్నది చూసుకుని, ప్రతి నెలా ఇంతే వస్తుందని ఏ రైతూ అనుకోడు. ఆ డబ్బే మళ్లీ విత్తనానికి, కూలీలకు, ఇంటికి ఏడాదంతా సర్దాలి. పంట రుణం కూడా బ్యాంకు నెలనెలా అడగదు, ఏడాదికోసారి అడుగుతుంది. మీ ఆటా అంతే. 2024-25 లీగ్ జనవరిలో మొదలై ఏప్రిల్‌లో అయిపోయింది. జట్టుకు 14 మ్యాచ్‌లే. వచ్చే ఏడాది ఏ క్లబ్ పిలుస్తుందో, ఎంత ఇస్తుందో ఇప్పుడు మీకే తెలియదు. వెంచర్ వాళ్లకు మాత్రం అరవై నెలలు కట్టాలి, మొత్తం 7 లక్షల 20 వేలు.

కనీస వేతనం ఉందిగా అనకండి. ఫుట్‌బాల్ సమాఖ్య 2023లో ఏడాదికి 3.2 లక్షలని పెట్టింది, కానీ అది క్లబ్‌కు కనీసం పదిమందికే. ఆ పదిమందిలో మీరు ఉండాలి, అంటే మోకాలు బాగుండాలి.

మోకాలి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మీరు కాంట్రాక్టు మూడో పేజీ ఫొటో పంపారు కదా, అందులో గాయం గురించి ఉన్నది ఒక్క వాక్యం, దాని మీదే క్లబ్ స్టాంపు పడింది. పెద్దది చేసి చదివాను. చికిత్స క్లబ్ చూసుకుంటుందని ఉంది. ఆడలేని నెలల్లో డబ్బు ఇస్తారా లేదా అన్నది లేదు. మైదానంలో అందరికంటే ఎక్కువ పరుగెత్తేది మిడ్‌ఫీల్డరే. ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకలను కలిపి ఉంచే లిగమెంటు) తెగితే తొమ్మిది నెలల మాట. స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ అలెక్సియా పుతెయాస్‌కు 2022 జులైలో, యూరో టోర్నీ మొదలవడానికి ముందే తెగింది. మళ్లీ ఆడింది 2023 ఏప్రిల్‌లో. 2019 ప్రపంచకప్ గెలిచిన అమెరికా మిడ్‌ఫీల్డర్ సామ్ మ్యూయిస్ మోకాలి గాయంతో 31 ఏళ్లకే రిటైరైంది. భయపెట్టాలని కాదు, కిస్తీ కట్టేవాళ్లు ఆలోచించాల్సిన సంగతి ఇది.

అందుకే ఆ ఒక్క వాక్యం గురించి క్లబ్ మేనేజర్‌ను మెయిల్‌లో అడగండి, ఫోన్‌లో కాదు. జవాబు రాతలో ఉండాలి.

ఇక లెక్క. మీ చేతికొచ్చేది మొత్తం 3 లక్షల 60 వేలు. అదంతా ఒక ఖాతాలో పడనివ్వండి, దానికి యూపీఐ పెట్టుకోకండి. ప్రతి నెలా ఒకటో తేదీన అందులోంచి 18 వేలు ఖర్చుల ఖాతాకు వేసుకోండి. పన్నెండు నెలలూ, ఆట ఉన్నా లేకున్నా. ఏడాది ఖర్చు 2 లక్షల 16 వేలు పోగా 1 లక్షా 44 వేలు మిగులుతాయి. అందులో 1 లక్షా 8 వేలు ఆరు నెలల ఖర్చుకు. ఒకే ఎఫ్‌డీ కాకుండా మూడు చిన్న ఎఫ్‌డీలు చేయండి, ఒకటి విరిచినా మిగతావి ఉంటాయి.

మిగిలిన 36 వేలలో హెల్త్ పాలసీ తీసుకోండి. ఫారంలో వృత్తి దగ్గర 'ఫుట్‌బాల్ క్రీడాకారిణి' అనే రాయండి. ప్రీమియం తగ్గుతుందని ఏజెంటు 'విద్యార్థిని' అని రాయిస్తే క్లెయిమ్ రోజు అదే మెడకు చుట్టుకుంటుంది. ప్రమాద బీమా చాలావాటిలో ప్రొఫెషనల్ ఆటలో తగిలిన దెబ్బకు కవర్ ఉండదు, మినహాయింపుల పేజీ చదివాకే సంతకం పెట్టండి.

టీడీఎస్ 40 వేలు పోయిన డబ్బు కాదు. మీకు వేరే ఆదాయం లేకపోతే 4 లక్షలకు కొత్త పన్ను విధానంలో పన్నే పడదు. రిటర్న్ వేస్తే వెనక్కొస్తుంది. అయితే క్లబ్ దాన్ని నిజంగా మీ పాన్ మీద జమ చేసిందో లేదో ఫారం 26ఏఎస్‌లో చూసుకోండి. పన్ను కోసి జమ చేయని సంస్థలతో క్లయింట్ల గొడవలు నా దగ్గరికి ఏటా వస్తూనే ఉంటాయి. ఆ రిఫండ్‌ను పదిహేనేళ్ల ప్రభుత్వ పొదుపు ఖాతా పీపీఎఫ్‌లో వేయండి. ఇప్పుడు 7.1 శాతం, ఏడాదికి 500 వేసినా ఖాతా బతికే ఉంటుంది. పదిహేనేళ్లకు మీకు 37 దాటుతుంది, అప్పటికి ఆట దాదాపు అయిపోయి ఉంటుంది.

డిగ్రీ మాత్రం వెంటనే మళ్లీ మొదలుపెట్టండి, అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలోనైనా సరే. 2025 జులైలో థాయ్‌లాండ్ మీద రెండు గోల్సూ కొట్టి భారత్‌ను ఆసియా కప్‌కు చేర్చిన మిడ్‌ఫీల్డర్ సంగీత బాస్ఫోర్‌కు సశస్త్ర సీమా బల్‌లో ఉద్యోగం ఉంది. రైల్వేలు, పోలీసు విభాగాలు కూడా క్రీడల కోటాలో తీసుకుంటాయి. అలాంటి ఉద్యోగం వచ్చాక ఇదే 12 వేల కిస్తీ గురించి అడిగితే నా జవాబు వేరుగా ఉండొచ్చు.

నాన్నగారి దగ్గర 'ప్లాట్ వద్దు' అని మొదలుపెట్టకండి, ఆయన మీకోసమే చూశారు. పసుపు లెక్కలు రాసే నోటుబుక్కు తెమ్మనండి. మూడేళ్ల పేజీలు తిప్పి, ఏ నెలలో ఎంత వచ్చిందో ఆయన్నే చదవమనండి. పక్కన మీ కాంట్రాక్టు పెట్టండి. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదన్నారు కాబట్టి తొందరేం లేదు.